కార్డు మీద రాసిన మాట

జగ్గయ్యపేట
17-4-1961
(రెండు కార్డులు, ఇది మొదటిది)

నందిగామలో మెకానిక్కు షెడ్డు నడుపుతున్న శాంతయ్య బావగారికి, మీ చెల్లెలు సౌభాగ్యమ్మ భర్త ఏసురత్నం వందనములు. దేవుని కృప వల్ల ఇక్కడ అందరమూ కులాసా, లారీ తప్ప.

ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో పనిచేసి పోస్టుమాస్టరుగా దిగిపోయినవాణ్ని. మీ మాట నమ్మి ఈ పాత మిలిటరీ లారీ కొన్నాను. మీ మాట నమ్మే జాన్‌బాషాని డ్రైవరుగా పెట్టుకున్నాను. రెండూ మీ షెడ్డులోంచి వచ్చినవే. ఇప్పుడు రెండూ కూడబలుక్కుని నన్ను ముంచుతున్నాయి.

సంగతి ఏమిటంటే, సూర్యాపేటకి సున్నం బస్తాలు వేసుకుని బయలుదేరిన లారీ చిల్లకల్లు దాటిందో లేదో ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే ఇంజను గిర్రున తిరుగుతుంది, కాని స్టార్టు కాదు. జాన్‌బాషా ఎవరి చేతనో కబురు పంపిస్తాడు. నేను పనులు మానుకుని బస్సెక్కి వెళతాను. నేను వెళ్ళి ట్యాంకులో పెట్రోలు చూసి, సెల్ఫ్ కొట్టమనగానే స్టార్టవుతుంది. ఇలా ఆరుసార్లు జరిగింది. యజమాని మొహం చూస్తే గాని స్టార్టు కాని లారీ ఎక్కడైనా ఉందా?

(రెండో కార్డు)

నా అనుమానం దాచుకోను. మీ జాన్‌బాషా పెట్రోలు దొంగ. లారీ తాగవలసిన దానికంటె ఎక్కువ తాగుతోందని కనిపెట్టి, ఈస్టరు వెళ్ళిన మర్నాడు నేను తగిన కట్టుదిట్టం చేశాను. ఆ రోజు నుంచే లారీ ఆగడం మొదలయింది. తాగే పాలు ఆపితే పిల్లి కుండ బద్దలు కొట్టినట్టు, దొంగతనం సాగక కక్షతో లారీని ఆపుతున్నాడు. సున్నం బస్తాలవాళ్ళు వేరే లారీ చూసుకుంటామంటున్నారు. మీరు మనిషికి పూచీ పడ్డారు గనక జవాబు మీరే చెప్పాలి.

ఏసురత్నం


నందిగామ
19-4-61

ఏసురత్నం బావకి,

నీ కార్డులు అందాయి. నాకంటే ముందు పోస్టుమాన్ పుల్లయ్యకి అందాయి, ఆయన కంటే ముందు బస్టాండులో టీ తాగేవాళ్ళకి అందాయి. నేను షెడ్డు తలుపు తీసేటప్పటికే "ఏం శాంతయ్యా, మీ జాన్‌బాషా దొంగంటగా" అని ఒకడు పలకరించాడు. ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో ఉన్నవాడివి, కార్డు మీద ఏం రాయొచ్చో కవర్లో ఏం పెట్టాలో నీకు నేను చెప్పాలా?

జాన్‌బాషా పన్నెండేళ్ళు నా చేతికింద పని చేశాడు. నా గల్లాపెట్టె తాళం వాడి మొలతాడుకే ఉండేది. ఇంక ఆ మాట వదిలేయ్, నాకు ఒళ్ళు మండుతోంది. లారీ సంగతి చెప్తా.

ఇంజను తిరగడం వేరు, అంటుకోవడం వేరు. తిరుగుతోందంటే బ్యాటరీ బాగుందని, సెల్ఫ్ బాగుందని అర్థం, అంతే. అంటుకోవాలంటే లోపలికి పెట్రోలు రావాలి, ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ రావాలి. ఈ రెంటిలో ఏది రావట్లేదో లారీ ఆగినచోటే చూడాలి. ఇంటికి తెచ్చాక చూస్తే డాక్టరు వచ్చేసరికి జ్వరం తగ్గినట్టు ఉంటుంది.

ఈసారి ఆగినప్పుడు ఒక ప్లగ్గు వైరు ఊడదీసి ఇంజను ఇనుముకి దగ్గరగా పట్టుకుని సెల్ఫ్ కొట్టించు. నిప్పురవ్వ ఎగిరిందా చూడు. తరువాత కార్బొరేటర్ దగ్గర పైపు వదులు చేసి మళ్ళీ కొట్టించు. పెట్రోలు చిమ్మిందా, లేదా చూడు. రెండూ రాసి పంపు. ఎండలు ముదిరాయి గనక పైపులో పెట్రోలు వేడెక్కి ఆవిరవుతుందేమో, పెట్రోలు పంపుకి తడిగుడ్డ చుట్టమను.

నీ అనుమానాలు రాయకు. కళ్ళతో చూసింది రాయి.

శాంతయ్య


జగ్గయ్యపేట
24-4-1961

బావగారికి,

మీరు రాసిన పరీక్షలన్నీ నా ఎదట చేయించాను. నిప్పురవ్వ బ్రహ్మాండంగా వస్తోంది, జాన్‌బాషా చెయ్యి జివ్వుమని లాక్కున్నాడు కూడాను. పైపు వదులు చేస్తే పెట్రోలు చుక్క రాలేదు. ట్యాంకులో చూడబోతే ముప్పాతిక పైన ఉంది. పుల్ల పెట్టి కొలిచాను. ఉన్న పెట్రోలు రాకపోవడమేమిటో మీరే సెలవియ్యాలి. నేను కొలిచిన తరువాత మళ్ళీ కొట్టమంటే ఎప్పటిలాగే స్టార్టయింది.

తడిగుడ్డ వైద్యం కూడా చేశాం. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీల వాళ్ళంతా పోగయి, లారీకి జ్వరమా, రేపు పథ్యం పెడతారా అని నన్ను ఆటపట్టించారు. మీరు కావాలని చేయించారని నేననను. కాని నవ్వులపాలయింది నేను.

ఇంక ఓర్చుకోలేక శనివారం నాడు లారీ స్టాండులో పదిమందిలో జాన్‌బాషాని దిగిపొమ్మన్నాను. తాళంచెవి సీటు మీద పెట్టి, తన దుప్పటి, గిన్నె తీసుకుని ఒక్క మాటయినా అనకుండా వెళ్ళిపోయాడు. తప్పు లేని మనిషయితే ఎదురు చెప్పడా? నోరు మెదపకపోవడమే సాక్ష్యం. దొంగని దొంగ అంటే కార్డయితేనేం, కవరయితేనేం. నేను దాచుకోవలసిందేమీ లేదు గనక కార్డు మీదే రాస్తున్నాను.

ఏసురత్నం


నందిగామ
26-4-61

బావా,

క్షేమాలు అడిగే ఓపిక లేదు.

మౌలాబీ షెడ్డుకొచ్చింది. జాన్‌బాషా భార్య. మిరపకాయల కొట్టులో తొడిమలు తీస్తుంది. అక్కడ పక్కనున్న ఆడవాళ్ళు కాస్త జరిగి కూర్చున్నారట. నా దగ్గరకొచ్చి, "అన్నా, మా ఆయన ఏం దొంగిలించాడంట? కార్డు మీద రాసుందంట గదా, కొంచెం చదివి చెప్పు" అంది. ఆ మనిషికి చదువు రాదు. నేను చదవలేదు. కార్డు ఎక్కడో పడిపోయిందని అబద్ధమాడా. నీ వల్ల నేను అబద్ధాలకి కూడా దిగా.

జాన్‌బాషా నందిగామ రాలేదు. తలెత్తుకుని ఈ ఊళ్ళో తిరగలేక రెడ్డిగూడెంలో అత్తవారింటికి పోయాడట. మాట్లాడలేదు గనక దొంగంటావు. మాట్లాడితే బుకాయిస్తున్నాడనేవాడివి. వాణ్ని ఏం చెయ్యమంటావు?

నువ్వే వచ్చి చూడొచ్చుగా అని నీకు తోచొచ్చు. రాను. నీ కొత్తింటి ప్రార్థనకి వచ్చినరోజు, ఆకు ముందు కూర్చున్నవాణ్ని లేపి, "బావగారూ, చేతులు ఇంకోసారి కడుక్కు రండి, పాస్టరుగారు ఎదురుగా ఉన్నారు" అన్నావు. అప్పటికి రెండుసార్లు కడుక్కున్నా. ఆ నలుపు ఇరవయ్యేళ్ళ పనిది, నీ సబ్బుకి పోయేది కాదు. ఆ రోజే జగ్గయ్యపేటలో ఇంక అడుగుపెట్టనని అనుకున్నా. చెల్లెలు ఏడ్చిందని తెలుసు. అయినా రాను.

లారీ మాట. నిప్పురవ్వ ఉంది, ట్యాంకులో పెట్రోలు ఉంది, కార్బొరేటర్‌కి రావట్లేదు. అంటే మధ్యలో ఉన్న పంపు లాగట్లేదన్నమాట. దాని లోపలి గుడ్డపొర చిరిగుండొచ్చు. కొత్తది బస్సు డ్రైవరుకిచ్చి పంపుతున్నా. వేయించు. కాని నువ్వు చూడగానే ఎందుకు స్టార్టవుతోందో నాకు అంతుపట్టలేదు. చిరిగిన పొర నీ మొహం చూసి అతుక్కోదు. నువ్వు వచ్చాక ఏమేం చేస్తావో వరసగా రాయి, ఒక్కటి వదలకుండా.

శాంతయ్య


జగ్గయ్యపేట
2-5-1961

బావగారికి,

మీరు పంపిన సామాను అందింది, వేయించాను. జాన్‌బాషా బదులు కృష్ణయ్య అనే కొత్త డ్రైవరుని పెట్టాను. నెమ్మదస్తుడు, బీడీ కూడా తాగడు. ఇంక పీడ వదిలిందని ప్రార్థన చేసి పంపాను. నిన్న మే ఒకటో తారీకున లారీ మళ్ళీ గరికపాడు దగ్గర ఆగింది. ఇంజను తిరుగుతుంది, స్టార్టు కాదు. అదే రోగం.

కృష్ణయ్యకి నా మీద కక్ష లేదు. కాబట్టి ఇది పాత డ్రైవరు పెట్టిపోయిన చిచ్చు. పెట్రోలులో చక్కెర పోస్తే ఇంజను చెడుతుందని స్టాండులో అంటున్నారు. పోయేముందు వాడు ట్యాంకులో చక్కెర పోశాడని నా నిశ్చయం. రానున్న సోమవారం ఎనిమిదో తారీకున పోలీసుస్టేషనులో ఫిర్యాదు రాసిస్తాను. కాగితం తయారుగా ఉంది. ఆ తరువాత వాడికి ఈ తాలూకాలో స్టీరింగు ముట్టనిచ్చేవాడు ఉండడు. మీ చెల్లెలు అన్నం పెడుతోంది గాని నాతో మాట్లాడటం లేదు. మీ పక్షమే మాట్లాడదలచుకుంటే ఎలాగూ నాకు వినబుద్ధి కాదు.

నేను వెళ్ళాక ఏమేం చేస్తానని అడిగారు. చేసేదేముంది? ముందు సీలు చూస్తాను. చెదరలేదు గదా అని నిర్ధారణ చేసుకుని సీలు పగలగొడతాను. మూత తీసి పుల్లతో పెట్రోలు కొలుస్తాను. మళ్ళీ మూత బిగించి, కొవ్వొత్తి వెలిగించి లక్క కరగబోసి, నా ఉంగరంతో ముద్ర వేస్తాను. ఈ ఉంగరం రిటైరైనప్పుడు నాకు బహూకరించినది, అలాంటి ముద్ర ఈ జిల్లాలో మరొకటి లేదు. మూతంతా కప్పేలా దట్టంగా వేస్తాను. ఈస్టరు మర్నాటి నుంచి ఒక్కసారి కూడా ముద్ర చెదరలేదు. చెదరని సీలు కింద చక్కెర ఎలా పోశాడో, ఆ విద్య మీ షెడ్డులోనే నేర్చుకున్నాడేమో మీరే చెప్పాలి.

ఏసురత్నం


నందిగామ
4-5-61

బావా,

ట్యాంకు మూత మీద లక్కా? మొదటి కార్డులో కట్టుదిట్టం చేశానన్నావు. ఆ కట్టుదిట్టం ఏమిటని ఆ రోజే అడగనందుకు పొద్దున్నించి నన్ను నేను తిట్టుకుంటున్నా. నిన్ను తిట్టాల్సింది వేరే ఉంది, చివర్లో తిడతా.

ముందు లారీ దగ్గరికెళ్ళి మూత తీసి తిరగేసి చూడు. మూతకి గుండుసూది పట్టేంత కన్నం ఒకటుంటుంది. అది తయారుచేసినవాడు మర్చిపోయి వదిలింది కాదు. పంపు ట్యాంకులోంచి పెట్రోలు లాగుతుంటే ఆ ఖాళీలోకి బయటి గాలి రావాలి. కల్లుముంత మూతి అరచేత్తో మూసి ఒంపితే ధార ఆగుతుందే, అదే ఇది. గాలి రాకపోతే ట్యాంకు నిండా పెట్రోలున్నా చుక్క కదలదు. పంపు లాగీ లాగీ ఊరుకుంటుంది. ఇంజను తిరుగుతుంది, అంటుకోదు. ట్యాంకు నిండుగా ఉంటే ఇంకా తొందరగా ఆగుతుంది, లోపల గాలికి చోటు తక్కువ గనక. కొలిస్తే ముప్పాతిక పైన ఉందన్నావు, అంటే నువ్వు రోజూ నింపి మరీ పంపిస్తున్నావన్నమాట.

నీ మొహం చూసి కాదయ్యా అది స్టార్టయింది. కొలవడానికి నువ్వు మూత తీస్తున్నావు, గాలి లోపలికి పోతోంది, స్టార్టవుతోంది. మళ్ళీ నువ్వే లక్క వేసి గొంతు నొక్కుతున్నావు. మూత వదులు చేసేటప్పుడు స్స్ మని చప్పుడు వస్తుందా? వచ్చే ఉంటుంది. నువ్వు సీలు చెదిరిందా అని చూస్తున్నావు గాని చెవి పెట్టి ఉండవు.

నా మాట నమ్మక్కర్లేదు. లక్కంతా గీకి, కన్నం సూదితో పొడిచి గరికపాడు దాకా పోయి రా. తరువాత మళ్ళీ లక్క వేసి అదే దారిన పో. ఈ రెండూ చేశాక నీ ఫిర్యాదు కాగితం పట్టుకుని పోలీసుస్టేషనుకి వెళ్ళాలనిపిస్తే వెళ్ళు.

ఇంక తిట్టు. పెట్రోలు ట్యాంకు పక్కన కొవ్వొత్తి వెలిగిస్తావా? ఇన్నిసార్లు వెలిగించి ఇంకా ఉత్తరాలు రాస్తున్నావంటే చెల్లెలి ప్రార్థనలు గట్టివి. లక్క వేయాల్సొస్తే మూత విప్పి, దూరంగా పట్టుకెళ్ళి వేసి తెచ్చి బిగించు. లారీ పోతే పోయె, నా చెల్లెలికి ఉన్నది నువ్వొక్కడివే.

శాంతయ్య


జగ్గయ్యపేట
7-5-1961
(కవరు)

పూజ్యులైన బావగారికి వందనములు.

మీరు చెప్పినట్టే చేశాను. లక్క లేకుండా గరికపాడు పోయి వచ్చాం, ఆగలేదు. లక్క వేసి బయలుదేరాం, చిల్లకల్లు దాటాక ఆగింది. మూత తిప్పాను. స్స్ మంది. కృష్ణయ్య కూడా విన్నాడు. కొట్టమన్నాను, స్టార్టయింది. మీరు రెండుసార్లే చేయమన్నారు. నేను మూడేసిసార్లు చేశాను, లెక్క తప్పి ఉంటే బాగుండునని. తప్పలేదు.

పెట్రోలు ఎక్కువ తాగడం మాట కూడా చెప్పాలి. కృష్ణయ్య చేతిలోనూ అంతే తాగుతోంది. దాని తిండే అంత.

ఇంకొక విషయం మీకు ఇంతవరకు రాయలేదు. నేను మొట్టమొదట సీలు వేసినరోజే జాన్‌బాషా నా పక్కన నిలబడి, "అయ్యగారూ, ఆ కన్నం మూసుకుపోద్దండి, గాలాడకపోతే బండి ఆగుద్దండి" అన్నాడు. మూత తెరిపించుకోవడానికి దొంగ అనేవాడు ఆడవలసిన మాట అదే గదా అనుకున్నాను. నోరు మూసుకోమన్నాను. ఆనాటి నుంచి అతడు నోరు మూసుకునే ఉన్నాడు. లారీ ఆగిన ప్రతిసారీ కబురు పంపి, నేను వచ్చి సీలు తీసేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాడు గాని, నా ముద్ర మీద చెయ్యి వేయలేదు.

ఫిర్యాదు కాగితం చించివేశాను. జరిగిందేదో జరిగింది. జాన్‌బాషాని వచ్చి మళ్ళీ పనిలో చేరమని మీరు ఒక మాట చెప్పండి. ఈ కవరు చదివాక పొయ్యిలో పడేయండి. నలుగురి నోళ్ళలో నానడం నాకు ఇష్టం లేదు.

మీ
ఏసురత్నం


నందిగామ
9-5-61

బావా,

నీ కవరు ఇందులోనే పెట్టి తిప్పి పంపుతున్నా. పొయ్యిలో వెయ్యలేదు. నువ్వే దాచుకో.

అంచులన్నీ జిగురు పెట్టి, అది చాలక వెనక లక్క కూడా వేశావు. ఆ లక్క చూడగానే నాకు మండింది. పుల్లయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏం రాశారో ఈసారి" అని అడిగాడు. జాన్‌బాషాని దొంగ అన్నది మూడుసార్లు కార్డు మీద. కాదని చెప్పేది లక్క వేసిన కవర్లోనా? తిట్టు ఊరందరికీ, తప్పయిందన్న మాట నా ఒక్కడికీనా? టీ కొట్టు దగ్గర దొంగ అన్న మాట ఇంకా అక్కడే ఉంది. మిరపకాయల కొట్టులో ఆడవాళ్ళు ఇంకా జరిగే కూర్చుంటున్నారు.

జాన్‌బాషా మొన్న రెడ్డిగూడెం నుంచి వచ్చాడు. లారీకి ఏమయిందో వాడికి ముందే తెలుసుగా, నాకెందుకు కబురు పెట్టలేదురా అన్నా. "చెప్పాల్సినాయనకి చెప్పా అన్నా. ఆయన నమ్మనిది ఇంకోళ్ళకి చెప్తే చాడీ అవుద్ది" అన్నాడు. వాడికున్న మర్యాదలో వీసమెత్తు మనకి లేదు. మనకి అంటున్నా, చూసుకో. పంపు పొర పంపి తెలివిగలవాణ్ననుకున్న మొనగాణ్ని నేనూ ఉన్నా.

వాణ్ని పనిలో చేరమని నేను చెప్పను. నువ్వు కార్డు రాయి. వాడి పేరున రాయి, నా షెడ్డు అడ్రసు వెయ్యి. పెద్ద అక్షరాలతో రాయి, పుల్లయ్యకి కళ్ళు సరిగ్గా ఆనవు.

రాయనంటే నీ ఇష్టం. నాకూ నీకూ ఇదే ఆఖరు ఉత్తరం.

శాంతయ్య


జగ్గయ్యపేట
12-5-1961
(కార్డు. శ్రీ షేక్ జాన్‌బాషా, డ్రైవరు, శాంతయ్యగారి షెడ్డు, బస్టాండు ఎదుట, నందిగామ)

శ్రీ జాన్‌బాషాగారికి,

పెట్రోలు దొంగిలించారని, లారీ చెడగొట్టారని మీ మీద నేను రాసిన మాటలు అబద్ధం. మీరు చుక్క పెట్రోలు తీయలేదు. లారీని ఆపింది నేను. ట్యాంకు మూత మీద నేను వేసిన లక్క వల్ల గాలి ఆడక ఆగింది. ఆ సంగతి మీరు మొదటిరోజే చెప్పారు. నేను నమ్మలేదు. పదిమందిలో మిమ్మల్ని అవమానించినందుకు పదిమందిలోనే క్షమాపణ అడుగుతున్నాను.

ఈ కార్డు ఎవరి చేతికి వచ్చినా చదవవచ్చు. చదవమనే రాస్తున్నాను.

కె. ఏసురత్నం,
రిటైర్డు పోస్టుమాస్టరు


నందిగామ
16-5-61

ఏసురత్నం బావకి, చెల్లెలు సౌభాగ్యమ్మకి,

కార్డు నిన్న అందింది. పుల్లయ్య టీ కొట్టు దగ్గరే ఆగి గొంతెత్తి చదివాడట. నేను లేను, తరువాత చెప్పారు. షెడ్డుకి తెచ్చి మళ్ళీ చదివాడు. జాన్‌బాషా లారీ కింద పడుకుని బోల్టు బిగిస్తున్నాడు, బయటికి రాలేదు. చదవడం అయ్యాక కిందనుంచే, "గారు అని రాశారా?" అని అడిగాడు. రాశారన్నాడు పుల్లయ్య. స్పానరు చప్పుడు మళ్ళీ మొదలయింది.

నీ లారీకి రాడు. నేను బలవంతపెట్టలేదు. కోపంగా కూడా అనలేదు. "ఆయన మంచోడే అన్నా, కానీ నేనెక్కిన రోజల్లా ఆయన కళ్ళు మూత మీదే ఉంటయ్" అన్నాడు. ఇక్కడ వేరే లారీ చూశా, ఇరవయ్యో తారీకున ఎక్కుతాడు. కృష్ణయ్యకి మాత్రం ఒక మాట చెప్పమన్నాడు. మూడో గేరు వేసేటప్పుడు తొందరపెట్టొద్దంట, అది కాస్త ఆగి పడుతుందంట.

నా కోపం ముప్పాతిక దిగింది. మిగతా పావు నా దగ్గరే ఉంచుకుంటా, నీతో పని పడుతూనే ఉంటుంది గనక. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక జగ్గయ్యపేట వస్తా, లారీ నా కళ్ళతో చూడాలి. చెల్లెలా, భోజనం అక్కడే. చేతులు ఒక్కసారే కడుక్కుంటా.

కార్డు ఎక్కడుందంటావేమో. మౌలాబీ వచ్చి అడిగి తీసుకుంది. మిరపకాయల కొట్టుకి పట్టుకెళ్ళి చదువొచ్చిన ఆవిడ చేత రెండుసార్లు చదివించుకుందట. సాయంత్రం మళ్ళీ షెడ్డుకి తెచ్చి నా ఎదుటే మొగుడి డ్రైవింగు లైసెన్సు పుస్తకంలో పెట్టింది. అక్కడెందుకమ్మా, పెట్టెలో దాచుకోవచ్చుగా అన్నా.

"చెక్‌పోస్టుల్లో లైసెన్స్ అడుగుతారు గదన్నా. ఇకనించి ఇది కూడా అడుగుతారు" అంది.

శాంతయ్య